పొట్టి వేళ్ళ బ్రేకు

బురద పందేల్లో భర్త తొక్కిన సైకిల్‌ని ఆమె షాపుకి తీసుకొచ్చింది. ఆయన పోయి ఏడాదైంది. ఈసారి పందెంలో కూతురు దిగుతానంటోంది.

"ఈ పాత బ్రేకులు చక్రం అంచుని పట్టి ఆపుతాయి వదినా. మధ్యలో బురద చేరిందంటే ఇక దేవుడే ఆపాలి," అన్నాడు మెకానిక్.

"అయితే డిస్కు బ్రేకులు బిగించు."

"ఈ ఫ్రేముకి అవి బిగించే చోటే లేదు. కొత్త సైకిలే కొనాలి. అన్నయ్య గుర్తుగా ఇదే ఉంచుతానంటే మీ ఇష్టం."

ఆమె బ్రేకు లివరు నొక్కి చూసింది. ఆయనవి పొట్టి వేళ్ళు. అందుకే లివరుని హ్యాండిల్‌కి బాగా దగ్గరగా పెట్టించుకున్నారు. ఆయన వేళ్ళు ఆనిన చోట రంగు పోయి నున్నబడింది. ఆమె చాలాసేపు వదల్లేకపోయింది.

"కొత్తదే ఇవ్వు," అంది చివరికి. "లివర్లు మాత్రం ఇలాగే దగ్గరగా పెట్టు బాబూ. మా అమ్మాయివీ వాళ్ళ నాన్న వేళ్ళే."