ఒక బకెట్ తడిమట్టి

మా అన్నయ్య నష్వాన్ తయిజ్ ఊళ్ళో సైన్సు మాస్టారు. యుద్ధంలో బడి మూతపడ్డాక అతనికి మిగిలిన శిష్యురాలు ఒక్క ఊసరవెల్లేనని కింది వాటా గలియా అత్త ఎగతాళి చేసేది. అది సబర్ కొండ మీది జామతోటలో దొరికింది, ఆడది. మేడ మీద నిమ్మకుండీలో పెంచేవాడు.

గిన్నెలో పెడితే అది నీళ్ళు తాగదు. ఆకుల మీద చుక్కలు మెరిస్తేనే నాలుక చాస్తుంది. మనిషికి రోజుకి రెండు సీసాలే దొరికే రోజుల్లో కూడా అన్నయ్య పొద్దున్నే ఆకుల మీద నీళ్ళు చిలకరించేవాడు. ఎముకలు మెత్తబడకుండా మిడతలకి గుడ్డుపెంకుల పొడి అద్ది పెట్టేవాడు. లేత ఎండ ఎటుంటే కుండీని అటు జరిపేవాడు.

"నాకెప్పుడైనా ఇంత సేవ చేశావా?" అంటే, "నీకు నోరుంది కదే, అడిగి మరీ తింటావు. దానికేదీ?" అనేవాడు.

ఆ వేసవిలో అది తిండి మానేసింది. ఒళ్ళు నల్లబడి పసుపు చుక్కలు లేచాయి. కుండీ దిగి వచ్చి రోజంతా సిమెంటు నేలని గోకేది. గోళ్ళు అరిగి నెత్తురొచ్చింది.

"గుడ్లతో ఉందే అర్వా" అన్నాడు అన్నయ్య. "మోచెయ్యంత లోతు తడిమట్టి కావాలి. లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చస్తుంది."

"కుండీలో మట్టి లేదూ?"

"జానెడు లేదు. అంతా వేళ్ళే."

మట్టి ఉన్నది సందు చివర, కూలిన రొట్టెల బట్టీ పెరట్లో. ఎదుటి మేడ మీద తుపాకీతో కూర్చున్నవాడికి ఆ సందంతా కనబడుతుంది. మధ్యాహ్నం మసీదులో అజాన్ పిలుపు వినబడే వేళ వాడు కాల్చడని అందరం నమ్మేవాళ్ళం.

"బల్లి కోసం చస్తావా?"

"చావడమెందుకే పిచ్చిదానా? అజాన్ మొదలవగానే వెళ్తా, పూర్తయ్యేలోగా వస్తా."

నేను చొక్కా పట్టుకుని ఆపలేదు. పిండి కలుపుతూ ఉండిపోయాను.

మట్టి నింపుకునే వచ్చాడు. మా గుమ్మానికి మూడిళ్ళ అవతల పడిపోయాడు. ఒకటే తూటా. పక్కింటివాళ్ళు కాళ్ళకి తాడు వేసి లోపలికి లాగారు. బకెట్ మాత్రం సందు నడుమ ఒరిగి ఉండిపోయింది. దానికోసం ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

మూడో రోజు ఊసరవెల్లి చచ్చిపోయింది. చేతిలోకి తీసుకుంటే పొట్ట గులకరాళ్ళ మూటలా గట్టిగా తగిలింది. ముందు దాని మీద మండిపోయాను. తర్వాత ఆ కోపమూ నిలవలేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న.

"ఆ సందులోకి ఎందుకెళ్ళాడమ్మా?"

"నీళ్ళకి" అన్నాను.

గలియా అత్తకి నిజం తెలుసు. నా ముఖంలోకి ఒకసారి చూసి, "నీళ్ళకే. నేనే తెమ్మన్నాను" అంది. దారులు మూసేసిన ఊళ్ళో, మనిషిని పోగొట్టుకున్న మా ఇంట్లో, ఆ నింద తన నెత్తిన వేసుకుంది.

దారులు మూసేయడంతో ఇబ్ ఊళ్ళో ఉన్న అమ్మ రాలేకపోయింది. నాలుగో రోజుకి ఫోను కలిసింది. నీళ్ళకి వెళ్ళి పోయాడన్న మాట అప్పటికే ఆమెకీ చేరింది. చాలాసేపు ఏడ్చి, ఉన్నట్టుండి అడిగింది.

"నీళ్ళు తెచ్చాక పోయాడా, తేకముందేనా?"

"తెచ్చాకే అమ్మా."

"నా తండ్రి గొంతు తడుపుకున్నాడా?"

"తడుపుకున్నాడమ్మా" అన్నాను.