పదిహేడో తిన్నె

కిల్‌రోరీ గోల్ఫ్ మైదానంలో పదిహేడో తిన్నె కట్టినవాడెవడో గానీ, వాడికి పెళ్ళాంతో పడేది కాదని ఊళ్ళో అందరూ అంటారు. మనసులో అంత కక్ష లేనిదే, గుంటకేసి మొదటి దెబ్బ కొట్టడానికి నిలబడే చోట ఎవడూ అలాంటి తిన్నె కట్టడు. కుడిపక్క నడుమెత్తు రాతిగోడ, గోడ దాటితే బస్సులు తిరిగే రోడ్డు. బంతి అటు పడిందా, ఇక దాని మీద ఆశ వదులుకోవలసిందే. ఎడమపక్క గోర్స్ ముళ్ళపొదలు. పసుప్పచ్చగా పూసి అమాయకంగా కనిపిస్తాయి గానీ వాటిలోకి దూరిన బంతిని దేవుడు కూడా వెతికి తేలేడు. ఆ పొదల వెనక సముద్రం. సముద్రం మీది గాలి ఎప్పుడూ గోడవైపే తోస్తుంది. ఇవన్నీ చాలనట్టు తిన్నె కూడా కాస్త గోడకేసి తిరిగి ఉంటుంది. దాని మీద నిలబడ్డవాడు తిన్నగానే ఉన్నాననుకుంటూ నేరుగా రోడ్డుకి గురిపెడతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అందామన్నా కుదరదు, ఇక్కడ రెండూ ముందే ఉన్నాయి.

ఎఫీ లమ్స్‌డెన్ పెళ్ళైన నాటి నుంచీ ఆ తిన్నెకి భయపడుతూనే ఉంది. ఆమె బంతికి పుట్టుకతోనే కుడివైపు వంగే గుణం. మిగతా గుంటల దగ్గర అది చిన్న లోపం. పదిహేడు దగ్గర మాత్రం చావుదెబ్బ. అయినా ఇన్నేళ్ళలో పోటీ ఆటల్లో ఆమె అక్కడ ఒక్కసారి కూడా మొదటి దెబ్బ కొట్టలేదు. కారణం ఆమె మొగుడు మర్డో.

ఈ తీరంలో ఆలుమగల జోడీ ఆట అని ఒకటుంది. ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒకరు కొట్టాక రెండోవారు, మళ్ళీ మొదటివారు, అలా గుంటలో పడేదాకా కొట్టుకుంటూ పోవాలి. మొత్తం పద్దెనిమిది గుంటలు, తక్కువ దెబ్బల్లో పడేసిన జంటది ఆ గుంట, ఎక్కువ గుంటలు గెలిచిన జంటది ఆట. తిన్నె మీద మొదటి దెబ్బకి మాత్రం వేరే వంతులు. బేసి గుంటలు ఒకరివి, సరి గుంటలు ఇంకొకరివి. పొద్దున ఏది ఎంచుకుంటే చివరిదాకా అదే. వంతు తప్పి కొడితే ఆ గుంట ఓడినట్టే. మొగుడు ముళ్ళలో పడేసింది పెళ్ళాం తీయాలి, పెళ్ళాం ఇసుకలో కూరింది మొగుడు తీయాలి. అందుకే దాన్ని కిల్‌రోరీలో విడాకుల ఆట అంటారు. కొత్తగా పెళ్ళైన ఏడాదే మర్డో “బేసి నావి” అనేశాడు. ఎందుకో ఎఫీకి మెల్లగా గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగితే ఒప్పుకోలేదు.

“ప్రేమా లేదు, దోమా లేదు. ఆ రోడ్డు మీద పోయే జనం నీకేం పాపం చేశారని?” అన్నాడు.

మర్డో బోర్డులు రాసేవాడు. చేపల దుకాణాలకీ పడవలకీ పేర్లు రాసిన చెయ్యి అది. క్లబ్బు గోడ మీది నల్లచెక్కపై ఏటేటా గెలిచిన జంట పేర్లు బంగారు రేకుతో దిద్దేదీ అతనే. పక్కింటివాళ్ళవి రాశాడు, పళ్ళ డాక్టరువి రాశాడు, తనతో పోట్లాడి కోర్టుకెళ్ళినవాడివి కూడా వంకర లేకుండా రాశాడు. తనదీ ఎఫీదీ మాత్రం రాసే ఏడాది రాలేదు. రెండుసార్లు ఆఖరి ఆటదాకా వచ్చి ఓడిపోయారు.

పోయిన చలికాలంలో ఒక పడవకి పేరు రాస్తూ సగంలో ఆగిపోయి, తరవాతి అక్షరం ఏమిటని ఆ పడవవాడినే అడిగాడు. వాడు నవ్వాడు. మర్డో నవ్వలేదు. డాక్టరు చెప్పింది ఎఫీ ఒక్కతే పూర్తిగా విన్నది. అది తగ్గే జబ్బు కాదు, ఆగే జబ్బు కూడా కాదు. ఆ రోజే ఆమె మనసులో ఒక మాట అనుకుంది. ఈ వేసవిలోనే గెలవాలి. మర్డో తన పేరు తనే, తన చేత్తో, అది తన పేరేనని తెలిసి రాసుకోవాలి. వచ్చే వేసవికి బంగారు రేకు చేతికిచ్చినా ఎవరి పేరు రాయాలో అతనికి తెలియదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఏప్రిల్లో పదిహేడో తిన్నె మీద మర్డో ఎటు తిరిగాడో ఏమో, బంతిని నేరుగా గోడ మీదుగా పంపి బస్సు అద్దం పగలగొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్లబ్బు కార్యదర్శి డాల్‌గ్లీష్ మర్నాడు టోపీ చేతిలో పట్టుకుని వాళ్ళ వంటింట్లో కూర్చున్నాడు. ఎఫీ పోసిన టీ చల్లారిపోయేదాకా వాతావరణం గురించే మాట్లాడాడు.

“మర్డో ఆడొచ్చు, ఎఫీ. కాదనడానికి నాకు నోరు రాదు,” అన్నాడు చివరికి. “పదిహేడులో తిన్నె మీద మాత్రం వద్దు.”

“అంటే బేసి నేను తీసుకోవాలా?”

“మీరే తీసుకోవాలి.”

“అంతకంటే నన్నే ఆ బస్సు కింద తోసెయ్యండి.”

డాల్‌గ్లీష్ నవ్వబోయి మానుకున్నాడు.

ఆ వసంతం పొడుగునా మొగుడూ పెళ్ళాం సాయంత్రాలు పదిహేడో తిన్నె దగ్గరే గడిపారు. పొయ్యి మీద సూపు పెట్టిన సంగతి మర్డో మరిచిపోయేవాడు. చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. కానీ ఆ తిన్నె ఎక్కాడంటే పాత మర్డో తిరిగొచ్చేవాడు. ఎఫీకి దానికోసమైనా అక్కడికి వెళ్ళాలనిపించేది.

“ఎక్కడ నిలబడ్డావే పిల్లా?”

“ఎడమవైపు. గోడకి దూరంగా.”

“అదే నువ్వు చేసే పొరపాటు. అక్కణ్ణించి ఎటు కొట్టినా గోడకేసే పోతుంది. గోడ పక్కకి రా. ఇంకా రా. అదేం కరవదు. ఇక్కణ్ణించి బంతి పోతే గోడకి దూరంగానే పోవాలి.”

“గాలి తోస్తుందిగా?”

“తొయ్యనీ. నీ బంతీ అటే వంగుతుంది, గాలీ అటే తోస్తుంది. ఇద్దర్నీ మార్చాలని చూడకు. ఆ ముళ్ళ మీదుగా జాలరి గుడిసె కనిపిస్తోందా? దాని పొగగొట్టం చూడు. గుడిసె కాదు, పొగగొట్టం. దానికేసి కొట్టు. మిగతాది గాలే చూసుకుని మధ్యలోకి తెచ్చి పడేస్తుంది.”

ఎఫీ పెద్ద కర్ర తీయబోతే చేతి మీద చిన్నగా కొట్టాడు.

“అది సంచిలోంచి తియ్యకు. దూరం నీకెందుకు? దూరం నేను చూసుకుంటా, తరవాతి దెబ్బ నాదే కదా. నువ్వు బంతిని బతికించు చాలు.” ఆ కర్రని మళ్ళీ సంచిలోకి తోసి, “ఇంకోటి. కొట్టేముందు ఎవర్నీ చూడకు. బంతి వెనక్కి నాలుగడుగులు వెళ్ళి, పొగగొట్టం ఒక్కటే చూడు. ముఖ్యంగా నా మొహం చూడకు. నన్ను చూశావంటే నీ భయం నీకు గుర్తొస్తుంది,” అన్నాడు.

మొదట్లో బంతులన్నీ గోడ దాటాయి. తరవాత సగం దాటాయి. జూన్ వచ్చేసరికి బంతి ముళ్ళ మీదుగా లేచి, గాలికి మెత్తగా వంగి, పచ్చిక మధ్యలో పడటం ఎఫీ తన కళ్ళతో చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. మర్డో మాత్రం “ఇన్నేళ్ళూ ఈ విద్య దాచిపెట్టి నాచేత చాకిరీ చేయించావా?” అన్నాడు. వరసగా మూడు ఆటలు గెలిచి వాళ్ళు ఆఖరి ఆటకొచ్చారు.

ఆఖరి ఆట నాడు పొద్దుటి నుంచీ సముద్రం మీంచి మంచు ముసురుకుని, తేలిపోతూ మళ్ళీ కమ్ముకుంటూ ఉంది. ఎదుటి జోడీ లోర్న్ పెట్రీ, అతని భార్య ఇష్‌బెల్. చిన్నవాళ్ళు, మంచివాళ్ళు. అదే ఎఫీకి కష్టంగా ఉంది. చెడ్డవాళ్ళయితే కోపమైనా తోడుండేది. తీర్పరిగా డాల్‌గ్లీష్ పైపు కాలుస్తూ వెనకే నడుస్తున్నాడు. ఇద్దరి కర్రల సంచులూ ఎఫీయే మోసింది. ప్రతి బేసి తిన్నె దగ్గరా ఆమెది ఒకటే పని, మర్డో బంతి దగ్గరికి పోకముందే అతని మోచెయ్యి పట్టుకోవడం.

“ఇది నాది, మర్డో.”

“ఇది బేసి కదే?”

“ఈ ఏడు బేసి నాది.”

“ఎవడు చెప్పాడు?”

“నువ్వే చెప్పావు.”

“నేనా? అయితే సరైన మాటే అయ్యుంటుంది,” అని పక్కకు తప్పుకునేవాడు. పక్కనున్నవాళ్ళు నవ్వేవారు. ఎఫీ కూడా నవ్వేది. కొట్టబోయేదాకా అతని చేతిని మాత్రం వదిలేది కాదు.

పదిహేను గుంటల దాకా ఆట సరిసమానంగా సాగింది. పదహారులో మర్డో మొదటి దెబ్బ అందంగా కొట్టాడు. చివర్లో గుంట పక్కనుంచి చిన్నపిల్లలు కూడా పడేసే బంతిని ఎఫీ పక్కకు తోసింది. పెట్రీలు ఒక గుంట ముందుకెళ్ళారు. ఇక మిగిలినవి రెండే. పదిహేడు పోతే ఆటే పోతుంది.

కిందటి గుంట గెలిచినవాళ్ళు ముందు కొట్టాలి. ఇష్‌బెల్ తిన్నె ఎక్కింది. ఆమెకీ ఆ గోడంటే భయమే. గోడని తప్పించబోయి బంతిని ముళ్ళపొదల నడిమధ్యకి పంపింది. ముళ్ళలో అది పడిన చప్పుడు అందరికీ వినిపించింది. లోర్న్ ఆకాశంకేసి చూసి, “ఫర్వాలేదు, అక్కడ నాకు బంధువులున్నారు,” అన్నాడు.

ఎఫీ లెక్క వేసుకుంది. బంతిని బతికిస్తే చాలు. అందంగా అక్కర్లేదు, దూరం అక్కర్లేదు. బతికిస్తే ఈ గుంట తమది, ఆట మళ్ళీ సమానం, చివరి తిన్నె మీద మొదటి దెబ్బ మర్డోది. ఆ తిన్నె ముందు గోడ లేదు, ముళ్ళు లేవు. అతను నిద్రలో కూడా కొట్టగలడు. చలికాలం తరవాత మొదటిసారి ఆమెకి ఇది జరిగేలా ఉందనిపించింది.

బంతిని గోడ పక్కనే, తిన్నె కుడి అంచున పెట్టింది. పెద్ద కర్ర ముట్టుకోలేదు. చిన్న కర్ర తీసుకుని బంతి వెనక్కి నాలుగడుగులు నడిచింది. మంచు కాస్త పలచబడి జాలరి గుడిసె బయటపడింది. ఎఫీ ఎవరినీ చూడలేదు. పొగగొట్టం ఒక్కటే చూసింది. ఊపిరి వదిలింది. కర్రని రెండుసార్లు గాలిలో ఊపి చూసుకుంది. ఇక కొట్టగలనని ఆమెకి తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆ తిన్నె మీద అంత నమ్మకంగా తెలిసింది.

అప్పుడు దెబ్బ చప్పుడు వినిపించింది.

బంతి ఆమె చూస్తున్న పొగగొట్టం మీదుగానే లేచింది. ముళ్ళపొదల అంచున సముద్రంకేసి వెళ్ళి, మనసు మార్చుకున్నట్టు గాలిలో వంగి, పచ్చిక నట్టనడుమ పడి చాలా దూరం దొర్లింది. ఆ తిన్నె మీంచి అంత మంచి దెబ్బ ఎవరూ కొట్టి ఉండరు. తిన్నె మీద మర్డో పెద్ద కర్ర భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఎఫీ అతని మోచెయ్యి పట్టుకోని బేసి తిన్నె ఇదొక్కటే.

మర్డో దిగి, బంతి పోయిన దిక్కుగా పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళిపోయాడు.

“నేనేం చూళ్ళేదు, మంచులో ఏం కనిపించి చచ్చింది గనక,” అన్నాడు లోర్న్.

“అవునెఫీ, మేమూ ముళ్ళలోనే ఉన్నాంగా. ఇంకో బంతి పెట్టి మీరు కొట్టెయ్యండి,” అంది ఇష్‌బెల్.

డాల్‌గ్లీష్ పైపు ఆరిపోయింది. దాన్ని వెలిగించే నెపంతో సముద్రంకేసి తిరిగి నిలబడ్డాడు. ఆమె నోరు విప్పకపోతే అతనూ విప్పడని ఎఫీకి అర్థమైంది. ఆ ఒక్క క్షణం ఆమెకి నిజంగా ఆశ పుట్టింది. కానీ అలా గెలిచి చెక్క మీద పేరు ఎలా రాయించడం? మర్డోకి మతి ఉంటే, ఆ రాసే చేతిని తనే నరుక్కుంటాడు.

“వంతు తప్పి కొట్టాం,” అంది. “గుంట మీది. ఆటా మీదే.”

లోర్న్ టోపీ తీసి చెయ్యి చాచాడు. ఇష్‌బెల్ చెయ్యి ఇవ్వకుండా ఆమెని కావలించుకుంది. డాల్‌గ్లీష్ “బాగా ఆడారు” అన్నాడు. ఏదో ఒకటి అనాలి గనక అన్నాడు, పాపం. వాళ్ళు ముగ్గురూ క్లబ్బుకేసి నడిచారు. ఎఫీ రెండు సంచులూ భుజాన వేసుకుని మర్డో వెళ్ళిన దారి పట్టింది. అతనికి ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించింది. అసలు చెప్పాలా అని కూడా ఆలోచించింది. తన మీద తనకి కోపమొచ్చింది, పొగగొట్టం మీద కోపమొచ్చింది, చూడొద్దని నేర్పిన మొగుడి మీదా వచ్చింది.

మర్డో పచ్చిక మధ్యలో బంతి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే టోపీ తీసి, ఒక అడుగు వెనక్కి వేసి మర్యాదగా నవ్వాడు.

“కాస్త పక్కకి నిలబడండమ్మా,” అన్నాడు. “ఇక్కణ్ణించి మా ఆవిడ కొట్టాలి. వస్తూ ఉంటుంది. ఆ వెనక తిన్నె ఉంది చూశారూ, అదంటే దానికి చచ్చేంత భయం. అందుకని నేనే కొట్టేశా. దానితో మాత్రం అనకండేం, భయపడ్డానంటే ఒప్పుకోదు.”



“అననులెండి,” అంది ఎఫీ.

సంచులు రెండూ కింద పెట్టి, అతను చూపించిన చోటికి జరిగి నిలబడింది. మర్డో టోపీ పెట్టుకుని తిన్నెకేసి చూస్తూ పెళ్ళాం కోసం ఎదురుచూడసాగాడు.