ఓజెల్ పెట్టుడు పళ్ళు

ఓజెల్ టిబ్స్ గురించి పత్రికల్లో వచ్చిన కథల్లో సగం ఓజెల్ చెప్పినవి. మిగతా సగం అవి చదివి ఇంకొకళ్ళు అల్లినవి. నేను అతని పక్కన పాతికేళ్ళకు పైగా పియానో వాయించినదాన్ని కాబట్టి నా మాట కాస్త నమ్మవచ్చు. అతను అబద్ధాలకోరు, తిండిపోతు, ఇస్త్రీ చొక్కా లేకపోతే మంచం దిగేవాడు కాదు. కానీ టెనర్ శాక్సోఫోన్ నోట్లో పెట్టుకున్నాడంటే, అప్పటిదాకా అతన్ని తిట్టిపోస్తున్నవాళ్ళు కూడా నోరు మూసుకునేవాళ్ళు. నేనూ చాలాసార్లు మూసుకున్నాను.

వాళ్ళమ్మ పెర్లీ మాత్రం మూసుకునే రకం కాదు. కాన్సస్ సిటీలో మా బాప్టిస్టు చర్చికి ఆవిడే పోలీసు. తెల్ల చేతితొడుగులు వేసుకుని, ప్రసంగం మధ్యలో కునుకు తీసేవాళ్ళని విసనకర్రతో పొడిచి లేపేది. కొడుకు స్కూలు బ్యాండు నుంచి శాక్సోఫోన్ పట్టుకుని వచ్చిన రోజే దాన్ని పెరట్లోని బొగ్గుల కొట్లో పెట్టించింది.

"వాయించుకుంటే అక్కడే వాయించుకో. సైతానుకి నా ఇంట్లో కుర్చీ వెయ్యను," అంది.

ఓజెల్ ఆ కొట్లోనే నేర్చుకున్నాడు. బయటికి వచ్చేసరికి చొక్కా నిండా మసి. ఇస్త్రీ బట్టల పిచ్చి అతనికి అక్కడే పట్టుకుందని నా అనుమానం.

ఇరవై ఏళ్ళప్పుడు ఎల్‌వుడ్ క్రెన్షా బ్యాండులోకి వచ్చాడు. క్రెన్షా పద్దెనిమిదో వీధిలో డాన్సు హాలు నడిపే బ్యాండు మాస్టరు. పొట్టి మనిషి, బట్టతల, గడియారం విషయంలో జైలరు. నేను అప్పటికే అక్కడ పియానో వాయిస్తున్నాను. ఒక మధ్యాహ్నం మేం సాధన చేస్తుండగా ఓజెల్ శాక్సోఫోన్ ఒక చేత్తో, పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన 'పై' అనే తీపి వంటకం గిన్నె ఇంకో చేత్తో పట్టుకుని తాపీగా లోపలికి వచ్చాడు.

"ఎవడివయ్యా నువ్వు?" అన్నాడు క్రెన్షా.

"మీరు వెతుకుతున్న మనిషినండీ."

"నేనెవణ్ణీ వెతకట్లేదే!"

"మీ బ్యాండుకి పట్టిన రోగం అదేనండీ."

మా డ్రమ్మరు పకపకా నవ్వి, క్రెన్షా చూపు తగలగానే ఆ నవ్వుని దగ్గుగా మార్చాడు.

"ఆ తిండి అక్కడ పెట్టి వాయించు. బాగోలేదో, నిన్ను గెంటేసి ఆ గిన్నె నేను ఖాళీ చేస్తా," అన్నాడు క్రెన్షా.

ఓజెల్ వాయించాడు. అయిపోయాక క్రెన్షా గిన్నె వంక ఒకసారి దిగులుగా చూసి, "రేపట్నించి టైముకి రా," అన్నాడు.

అతను ఒక్కరోజు కూడా టైముకి రాలేదు. అయినా జనం అతని కోసమే వచ్చేవాళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం షికాగో నుంచి పేరున్న శాక్సోఫోన్ వాద్యకారుడు ఒకాయన మా హాలుకి వచ్చి, ఈ ఊళ్ళో తనతో పోటీకి ఎవరున్నారని అడిగాడు. ఆయన వాయిస్తున్నంతసేపూ ఓజెల్ మూల బల్ల దగ్గర కూర్చుని పంది పక్కటెముకలు చీకుతున్నాడు. తర్వాత వేళ్ళు తుడుచుకుని లేచి, ఆయన వాయించిన పాటే ఎత్తుకుని, దాన్ని ఒలిచి, తిరగేసి, ఆయనకే గుర్తుపట్టరాకుండా చేసి పెట్టాడు. షికాగో ఆయన పెట్టె సర్దుకుంటూ రైలుకి టైమైందన్నాడు. ఆయన రైలు మర్నాడు.

ఓజెల్ కొంప ముంచింది తీపి. పైలు, కేకులు, సోడాలు, జేబు నిండా చాక్లెట్లు. టల్సాలో ఒక కచేరీ నడుస్తుండగా ముందు పన్ను విరిగి శాక్సోఫోన్ మూతిలో ఇరుక్కుంది. ఊరికొచ్చాక పళ్ళ డాక్టరు చూసి, పై వరసలో ఉంచదగ్గది ఒక్కటీ లేదని అన్నీ పీకేశాడు. పెట్టుడు పళ్ళు కట్టించుకున్నాడు. అవి పెట్టుకుని వాయిస్తే ప్రతి పాటలోనూ ఎవరో పిలిచినట్టు సన్నటి ఈల.

కొన్ని వారాలు క్రెన్షా ఓపిక పట్టాడు. ఒకరోజు పిలిచాడు.

"ఓజెల్, నీ సోలోలో టీ కెటిల్ మరుగుతోందయ్యా."

"కొత్త స్టైలు మాస్టారూ."

"స్టైలు కాదు, నీ పళ్ళు. ఇంటికెళ్ళు."

"ఇన్నేళ్ళు మీ హాలు నింపాను. గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే నీ పెట్టె గుమ్మం దాకా నేనే మోస్తున్నా," అని క్రెన్షా నిజంగానే మోశాడు.

ఓజెల్ శవాల బండి డ్రైవరుగా కుదిరాడు. మా వీధి చివర శవసంస్కారాలు చేయించే లూమస్ గారికి ఒక పెద్ద నల్ల కారుండేది. పెర్లీ ఆనందం పట్టలేకపోయింది. "ఇన్నాళ్ళకి మా వాడికి ముఖం చూపించుకోగల పని దొరికింది," అని చర్చంతా చెప్పుకుంది. ఆ ముఖం ఎవరికి చూపించాలో నాకర్థం కాలేదు. పైగా ఓజెల్ ఆ బండిని పందెం కారులా తోలేవాడు. ఒక కుటుంబం లూమస్ గారి దగ్గరికొచ్చి గోల పెట్టింది: "మా నాన్న బతికుండగా ఎప్పుడూ అంత స్పీడుగా పోలేదండీ! మేం శ్మశానానికి వెళ్ళేసరికి మీ వాడు అక్కడ శాండ్విచ్ తింటున్నాడు!"

అతను నాకు ఈ కథలన్నీ నవ్వుతూ చెప్పేవాడు. కానీ ఎక్కడైనా బ్యాండు వినిపిస్తే వీధి దాటి అవతలివైపు నడిచేవాడు. శాక్సోఫోన్ మంచం కింద దుమ్ము పట్టి ఉంది. తీయమని నేనొకసారి అంటే, "వర్నెల్, ఇంకో మాట మాట్లాడుకుందాం," అన్నాడు. ఓజెల్ తన గురించి కాకుండా వేరే మాట మాట్లాడుకుందామనడం నేను అదే మొదటిసారి వినడం.

రెండేళ్ళ తర్వాత, ఆలస్యంగా వచ్చిన ట్రంపెట్ మనిషిని తిడుతూ, గడియారం చూపించబోయి క్రెన్షా కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. ఆయన భార్య బర్నీస్ నన్ను వెంటబెట్టుకుని లూమస్ గారి షెడ్డుకి వచ్చింది. ఓజెల్ బండి కడుగుతున్నాడు.

"చర్చిలో నువ్వు వాయించాలి," అంది.

"మాస్టారు ఎవరు వాయించాలో ఏమైనా చెప్పారా వదినా?"

"చెప్పాడు. నువ్వు తప్ప ఎవడైనా సరేనన్నాడు. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన మాటే విన్నాను. ఇక వినక్కర్లేదుగా. రేపు రా."

మర్నాడు ఓజెల్ మొదటిసారిగా బండిని నెమ్మదిగా తోలి, మాస్టారిని తనే తీసుకొచ్చి, తెరిచి ఉంచిన శవపేటిక పక్కన శాక్సోఫోన్‌తో నిలబడ్డాడు. చర్చి కిక్కిరిసి ఉంది. నడవలో పెర్లీ విసనకర్రతో కాపలా. నేను పియానో మీద ఒక పాత కీర్తన ఎత్తుకున్నాను. మొదటి చరణం ఈలతోనే గడిచింది. రెండో చరణంలో ఒక పొడుగాటి స్వరం కోసం ఓజెల్ ముందుకు వంగాడు. అతని నోట్లోంచి తెల్లగా ఏదో మెరిసి, పేటికలో పడి, క్రెన్షా కోటు మడతలోకి జారిపోయింది.

ఓజెల్ ఆగిపోయి నా వైపు చూశాడు. నాకు నవ్వు, భయం, రెండూ ఒకేసారి వచ్చాయి. చేతులు మాత్రం ఆపలేదు. అదే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తూ కూర్చున్నాను. అతనికి దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని జనం అనుకున్నారు.

"కానియ్యి నాయనా! దేవుడున్నాడు!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

ఓజెల్ పై పెదవిని పసివాడిలా చిగుళ్ళ మీదికి మడిచి ఊదాడు. మొదట ఉత్త గాలి. తర్వాత ఆ గాలిలోంచి ఒక స్వరం వచ్చింది. ఈల లేదు, గొప్పలు లేవు. బాగా ఏడ్చి లేచిన మనిషి మెల్లగా మాట్లాడుతున్నట్టుంది. అన్నేళ్ళు అతని పక్కన కూర్చున్నదాన్ని, అలాంటిది నేను వినలేదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, మాస్టారికి అప్పిచ్చినవాళ్ళు అందరూ ఏడ్చారు. పెర్లీ విసనకర్ర ఆగిపోయింది. ఆ కాసేపట్లో చర్చిలో ఎవరైనా కునుకు తీసి ఉంటే బతికిపోయారు.

పేటిక మూయబోతుంటే ఓజెల్ బర్నీస్ చెవిలో గొణిగాడు. "వధినా... నా ఫళ్ళు... మాష్టారి ధగ్గరున్నాయి."

బర్నీస్ లోపలికి తొంగి చూసింది. "నీ ఉద్యోగం తీసుకున్నాడు. పళ్ళు కూడా తీసుకుపోనీ. పైన కొరకడానికి ఎవరో ఒకరు దొరుకుతారు," అని మూత వెయ్యమని సైగ చేసింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. పాపం, ఎంత ఏడుస్తోందో అని పక్కవాళ్ళు ఓదార్చారు.

మర్నాడు పొద్దున్నే ఓజెల్ శాక్సోఫోన్‌తో మా గుమ్మంలో ఉన్నాడు.

"నిన్నది మళ్ళీ వస్తుందంటావా?" అన్నాడు. మొదటిసారి అతని ముఖంలో నిజమైన భయం చూశాను.

"వాయించి చూడు. రాకపోతే బండి ఎలాగూ ఉంది," అన్నాను.

ఆ చలికాలమంతా మా ముందుగదిలో సాధన చేశాడు. పెదవి చిట్లి నెత్తురు కారేది. గుడ్డతో అద్దుకుని మళ్ళీ ఊదేవాడు. అతను ఒక పని కోసం కష్టపడటం నేను చూసింది ఆ ఒక్క చలికాలమే. వసంతం వచ్చేసరికి ఆ స్వరం అతని మాట వినడం మొదలుపెట్టింది. బర్నీస్ హాలునీ బ్యాండునీ అతని చేతిలో పెట్టింది, డబ్బు పెట్టెల తాళాలు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

రికార్డులు వచ్చాయి. కొత్తగా పళ్ళు కట్టించుకున్నాడు గానీ అవి తినడానికి, ఫొటోలకి. వాయించేటప్పుడు రుమాల్లో చుట్టి జేబులో వేసుకునేవాడు. న్యూయార్క్ నుంచి ఒక పత్రికాయన వచ్చి, ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందని భక్తిగా అడిగాడు.

"నేను పుట్టగానే మా అమ్మ నన్ను మిసిసిపీ నదిలో ముంచిందండీ. ఆ నీళ్ళ చప్పుడు ఇంకా లోపలుంది," అన్నాడు ఓజెల్.

వీడు పుట్టింది ఒక లాండ్రీ మేడ మీద. పత్రికాయన మాత్రం దాని మీద రెండు పేజీలు రాశాడు. పెర్లీ చదివించుకుని విని, "నేను నిన్ను ముంచలేదురా. ఇప్పుడు ముంచాలనిపిస్తోంది," అంది.

యాభై దాటాక ఓజెల్ బర్నీస్‌ని పెళ్ళాడాడు. అంతకుముందు నన్ను కూడా ఒకసారి అడిగాడు, అయోవాలో ఒక పెట్రోలు బంకు దగ్గర. పాతికేళ్ళుగా నీ తిండి చప్పుడు వింటున్నాను, చాలు అన్నాను. దానికి నేనెప్పుడూ చింతించలేదు. బర్నీస్ అతన్ని పళ్ళెం ముందు నుంచి లేపి, టైముకి హాలుకి పంపేది. మాస్టారు చేయలేని పని ఆమె నెలలో చేసింది.

ఊపిరి తగ్గిపోయాక అతను బ్యాండు వదిలేసి ఇంటి వరండాలో కూర్చునేవాడు. ఆదివారాలు చర్చి అయ్యాక నేను వెళ్ళేదాన్ని. పోయిన అక్టోబరులో వెళ్ళినప్పుడు శాక్సోఫోన్ తెప్పించుకుని, ఒక నెమ్మది పాట సగం దాకా వాయించి దింపేశాడు.

"మిగతాది?" అన్నాను.

"నువ్వు పాడు. నీకు ఊపిరుందిగా."

నా గొంతు కాకి గొంతు. అయినా పాడాను. అతను కళ్ళు మూసుకుని, కాలితో తాళం వేస్తూ చివరిదాకా విన్నాడు. లోపల బర్నీస్ గిన్నెల మోత ఆపింది.