కాషాయపు చెంగు

బువాఖియో కొడుకుని అడిగింది జీవితంలో ఒక్కటే. తను పోయిన రోజున వాడు గుండు చేయించుకుని, కాషాయం కట్టుకుని, చితి ముందు ఒక్కపూట భిక్షువుగా నిలబడాలి. ఆ బౌద్ధుల ఊళ్ళో కొడుకున్న ప్రతి తల్లీ పోయేది అలాగే. కొడుకు కాషాయపు చెంగు పట్టుకుని స్వర్గానికి నడిచి వెళ్తుంది. సాయంత్రానికి ఆ కొడుకు కాషాయం విప్పేసి పొలానికి పోయినా ఎవరూ తప్పు పట్టరు. ఇంతకన్నా చిన్న కోరిక ఏ తల్లి కోరుతుంది చెప్పండి?

కానీ ఆ కొడుకు ఇన్‌తా క్రైస్తవుడు. ఉత్త క్రైస్తవుడు కూడా కాదు, ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే సువార్తికుడు. పదకొండేళ్ళ కిందట సారా తాగి వరిమడిలో బోర్లా పడి ఉన్నవాణ్ణి కొరియా నుంచి వచ్చిన పాస్టరు హాన్ గారు భుజాన వేసుకుని పోయి, రెండేళ్ళు తన ఇంట్లో పెట్టుకుని మనిషిని చేశారు. ఆ మేలు బువాఖియో ఎన్నడూ మరిచిపోలేదు. ఆయన వస్తే కొత్త చాప వేసేది, వేడివేడి జిగట అన్నం బుట్ట ముందు పెట్టేది. ఆయన కళ్ళు మూసుకుంటే తనూ మర్యాదగా చేతులు జోడించేది. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ అదే మాట.

"మీ దేవుడు మంచివాడేరా, నేను కాదన్నానా? ఒక్కపూట సెలవివ్వడా నీకు?"

"సెలవులు పెట్టడానికి ఇదేమన్నా ఉద్యోగమా అమ్మా?"

"పోనీ, ఆయనకి చెప్పకుండా వచ్చెయ్."

ఇన్‌తా నవ్వేవాడు గానీ సరే అనేవాడు కాదు. కాదనడమే తన విశ్వాసానికి పరీక్ష అనుకునేవాడు. మొండితనం వాడికి పుట్టుకతో వచ్చింది. తాగినన్నాళ్ళూ తాగుడులో చూపించాడు, తర్వాత ప్రార్థనలో చూపించాడు.

ఆమె మాత్రం ఊరుకోలేదు. మగ్గం మీద తనే ఆ బట్ట నేసింది. పనస చేవ ఉడకబెట్టి రంగు వేసింది. మడతపెట్టి పెట్టెలో దాచి, "నీ మనసు మారిననాడు గుడ్డ కోసం వెతుక్కోనక్కర్లేదు" అంది.

ఆ ఎండాకాలంలో ఆమెకి కాలేయంలో కాన్సర్ అని తేలింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. హాన్ గారూ ఇన్‌తా రోజూ పొద్దున్నే పరుపు పక్కన మోకరించి ప్రార్థన చేసేవారు. ఒకరోజు ఇన్‌తా ప్రార్థన మధ్యలోనే ఆపి తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు ప్రభువును అంగీకరించకపోతే మనం మళ్ళీ కలుసుకోలేం. నువ్వొక చోట, నేనొక చోట."

"నువ్వు వేరే చోటికి పోతావా?"

"పోతానమ్మా."

"ఒక్కడివేనా?"

"నువ్వు బాప్తిస్మం తీసుకుంటే ఇద్దరం."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నాలుగోరోజు పొద్దున్న హాన్ గారిని పిలవమంది. ఆయన గిన్నెలో నీళ్ళు ఆమె నెత్తిన పోశారు. ఇన్‌తా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆదివారం సంఘంలో లేచి, "మా అమ్మ వెలుగు చూసింది" అని సాక్ష్యం చెప్పాడు.

ఇంటికొస్తే పిన్ని కమ్‌పన్ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏం వెలుగురా నీ మొహం! ఆ నీళ్ళు పోయించుకునే ముందు మా అక్క ఏం చేసిందో తెలుసా? పెట్టెలో కాషాయం తీయించి, నా చేత విహారానికి పంపేసింది. కొడుకు కాషాయం కట్టాలనుకునే తల్లి ఇంకెవరైనా ఉంటే ఇమ్మంది."

"ఎందుకు?"

"ఎందుకా? 'వాడొక్కడూ ఆ తెలియని చోటికి పోతే అన్నం ఎవరు పెడతారే, నేను ముందు పోయి ఉంటాను' అంది. అదీ మీ అమ్మ చూసిన వెలుగు."

ఇన్‌తా చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తాడు. తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నేను కాషాయం కట్టుకుంటాను. ఒట్టు."

"అబద్ధాలాడకురా. మీ దేవుడికి అబద్ధాలు గిట్టవని నువ్వేగా చెప్పావు."

"నిజంగానే అమ్మా."

"ఇప్పుడొద్దు. ఆ నీళ్ళు పోయించుకున్నాను. అక్కడా ఇక్కడా రెండుచోట్లా గుమ్మం బయట నిలబెట్టకు నన్ను." మళ్ళీ తనే అడిగింది. "అక్కడ నాకు దారి ఎవరు చూపిస్తారు?"

"ప్రభువే వస్తాడు."

"గుర్తుపడతాడా? నేను కొత్తదాన్ని కదా."

ఇన్‌తా ఇన్నేళ్ళలో వందల ఇళ్ళలో ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాడో! ఇప్పుడు మాత్రం దుప్పటి ఆమె మెడదాకా సర్దాడు, అంతే. ఆమె భయపడుతూనే రెండురోజులు బతికింది. ఆ రెండురోజులూ ఆమె వేళ్ళు దుప్పటి మీద దేనికోసమో తడుముకుంటూనే ఉన్నాయి. దేనికోసమో అతనికి తెలుసు. అప్పుడే సరే అని ఉంటే ఆ ఒక్కమాటతో ఆమె నిశ్చింతగా పోయేది. ఆ ఒక్కమాట దాచుకుని ఏం బావుకున్నాడు?

ఆమె పోయిన మర్నాడు పొద్దున్నే ఇన్‌తా విహారానికి వెళ్ళాడు. పెద్ద భిక్షువు వాకిలి ఊడుస్తున్నాడు.

"ఆ కాషాయం నాకివ్వండి స్వామీ. ఒక్కపూటకి."

"ఎవరికీ ఇవ్వలేదు, లోపలే ఉంది. బుద్ధుణ్ణి శరణు వేడుతున్నానని మూడుసార్లు అనాలి. మనసుతో అనగలవా?"

ఇన్‌తా చేతులు జోడించాడు. మళ్ళీ దించేశాడు.

"ఉత్త నోటితో అంటే దానివల్ల ఆమెకి పుణ్యమేమీ రాదు. వెళ్ళు నాయనా" అన్నాడు భిక్షువు, జాలిగానే.

ఖననం ఆ రోజు మధ్యాహ్నం, వాగు అవతల సంఘం వాళ్ళ స్థలంలో. ఆ ఊళ్ళో మట్టిలో పెట్టేది దుర్మరణం పాలైనవాళ్ళనే, అందుకని చుట్టుపక్కలవాళ్ళు ఇవతల గట్టుదాకానే వస్తామన్నారు. శవపేటిక ఎత్తబోతుండగా ఇన్‌తా ఇంట్లోంచి బయటికొచ్చాడు. తెల్లచొక్కా, నల్ల ప్యాంటు, మెడకి టై, చేతిలో బైబిలు. తల నున్నగా గీసి ఉంది. భిక్షువులకి మల్లే కనుబొమ్మలు కూడా లేవు. చెవి పైన రెండుచోట్ల తెగి నెత్తురు కారుతోంది. తనే గీసుకున్నాడు.

సంఘంవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హాన్ గారు ఏదో అనబోయి, జేబురుమాలు తీసి ఆ నెత్తురు తుడిచారు.

ఊరివాళ్ళలో వాగు దాటి వస్తానన్నది కమ్‌పన్ ఒక్కతే. అక్కకొడుకు గుండు వైపు చూసి ఏడ్చింది. ఆ ఏడుపులోనే కోపం కూడా వచ్చింది.

"తల గీసుకున్నావు సరేరా, కాషాయం ఏదీ? మా అక్క ఇప్పుడు ఏం పట్టుకుని వెళ్తుంది?"

ఇన్‌తా బైబిలు పిన్ని చేతికిచ్చాడు. ప్యాంటులోకి దోపుకున్న చొక్కాని వెనకవైపు బయటికి లాగాడు. నలిగిన ఆ అంచుని అరచేత్తో సాపు చేసి, బాగా కిందికి దించాడు. తర్వాత శవపేటిక ముందుకొచ్చి, వెనక నడిచేవాళ్ళకి ఆ అంచు అందేంత దగ్గరగా నిలబడి, మెల్లిగా నడవడం మొదలుపెట్టాడు.