పుస్తకాల కోటకు కావలి

కొట్టు యజమాని గోకులకృష్ణన్ ఆ పొద్దున అరగంట వదిలి ఉంటే తిమ్మరాయన్ నిజం చెప్పి వచ్చేవాడే. తమిళనాడు ధర్మపురి బస్టాండు వెనక ఆ పాత కాగితాల కొట్టులో తిమ్మరాయన్‌ది పద్దెనిమిదేళ్ల చాకిరీ. సెలవడగడం ఇదే మొదలు.

"మొదలాళీ, ఆస్పత్రి దాకా పోయొస్తాను. వెంకటాచలపతన్నను చూడాల."

"నువ్వేమన్నా డాక్టరా? మధ్యాన్నం మిల్లు లారీ వస్తాది. అట్టలు ఏరు పో."

తిమ్మరాయన్ గోనెపట్టా మీద మళ్లీ కూలబడ్డాడు. పిన్నులు పీకి పీకి అతని బొటనవేలి గోరు రెండుగా చీలి నల్లబడింది. అట్టలొక పక్క, తెల్లకాగితమొక పక్క. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

వెంకటాచలపతి ఒకప్పుడు బట్టల కొట్టులో గుమాస్తా. పిల్లలు రాయకుండా వదిలేసిన నోటుకాగితాలు ఈ కొట్టులోనే ఏరుకుని, దారంతో కుట్టుకుని, ఏళ్ల తరబడి తెలుగులో ఒకటే కథ రాశాడు. హొగెనకల్ జలపాతం బండల కింద, కావేరి అడుగున ఒక పుస్తకాల కోట. చదివే దిక్కులేని పుస్తకాలన్నీ ఎక్కడెక్కడి నుంచో నడిచి అక్కడికి చేరతాయి. కావలివాడు వాటి కాళ్లు కడిగి లోపలికి పిలుస్తాడు, అని తిమ్మరాయన్‌కు నోటితో చెప్పేవాడు.

"ఆ కావలివాడు నువ్వే తిమ్మా. మా ఇంట్లో అందరికీ అరవమే వచ్చు. ఇవి నీ దగ్గర ఉండనీ," అని పదిహేడు నోటుపుస్తకాలూ గోనెసంచిలో కట్టి ఇచ్చాడు. కనబడినప్పుడల్లా, "చదివినావా?"

"చదివినానన్నా. కాళ్లు కడిగేది బాగుండాది."

తిమ్మరాయన్ చదివింది ఐదో తరగతి, అదీ తమిళ బడిలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు. చెప్పడానికి సిగ్గేసింది. పోయిన నెల కడత్తూరు నుంచి పాత భజన నోట్లు వచ్చిపడ్డాయి. అదే గోనె, అదే చేతికుట్టు, అదే గుండ్రటి తెలుగు రాత. వాననీళ్లు లోపలికి వస్తుంటే అన్నీ ఎత్తి ఒకేచోట కుమ్మరించాడు. తర్వాత ఏది భజనో ఏది కోటో తేలలేదు. వెనక వీధిలో తెలుగు చదివేవాళ్లు ఇద్దరున్నారు. అడిగితే గుట్టు బయటపడుతుందని మొత్తం అప్పుడే, కాగితాన్ని గుజ్జు చేసే మిల్లు లారీకెత్తేశాడు.

మధ్యాహ్నం మూటలు ఎక్కిస్తుండగా వెంకటాచలపతి చెల్లెలు పరమేశ్వరి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పదిన్నరకు పోయినాడు తిమ్మా."

గోకులకృష్ణన్ లేచి నిలబడ్డాడు. "అయ్యో, ఇంత ముదిరిందని చెప్పుంటే పంపనా? పో, ఇప్పుడు పో."

తిమ్మరాయన్ అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. వెంకటాచలపతన్న ఆస్పత్రిలో చేరి పది రోజులు. కొట్టు ఆరింటికే మూస్తారు. ఆ పది సాయంత్రాలూ తనవే.

"అక్కా, ఆ నోట్లు..."

"వాటిని అడగొద్దన్నాడు. చదివినోడు ఒకడే, వాడి దగ్గరే ఉండనీ అన్నాడు. పురుగు పట్టకుండా ఇవి పెట్టమన్నాడు. నిన్న నాతో కొనిపించినాడు."

ఆమె కాటా పళ్లెంలో చిన్న పొట్లం పెట్టి వెళ్లిపోయింది.

తిమ్మరాయన్ విప్పాడు. తెల్లటి కలరా ఉండలు, నోటుకొకటి చొప్పున, పదిహేడు.