ఇరిడియం లోపల ఉన్నంతసేపు

"ఇంకా ఎన్నాళ్ళు మోస్తావ్ ఆ సీసం డబ్బా?" అంటాడు రే, నేను పారతో కారు చుట్టూ మంచు ఎత్తిపోస్తుంటే, కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి. నా భర్తకు ఆస్పత్రిలో ఆ డబ్బాలో నేను మోసే ఇరిడియం అంటే, దాని రేడియేషన్ అంటే భయం. మంచు పార అంటే లేదు. నేలమాళిగ మెట్ల మీదుగా నేను మోసుకొచ్చే బట్టల బుట్ట అంటే లేదు. ప్రతి శుక్రవారం వాళ్ళమ్మ నా చేత చుట్టించే వంద పియెరోగీ కుడుములంటే అసలే లేదు. కడుపని తెలిసిన రోజు నుంచి అతని కంటికి ప్రమాదం ఒక్కటే కనిపించింది, నా ఉద్యోగం.

గుండె రక్తనాళంలో పెట్టిన స్టెంట్ మళ్ళీ పూడుకుపోయినవాళ్ళు మా క్లీవ్‌లాండ్ ఆస్పత్రికి వస్తారు. అక్కడ అడ్డుపడేది చాలాసార్లు కొవ్వు కాదు, గాయం మానుతూ మానుతూ హద్దు మీరి పెరిగిన కండ. దారి తెరిచి, ఇరిడియం గింజలు కూర్చిన సన్నటి తీగను ఆ చోట కాసేపు ఉంచితే ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. ఎన్ని నిమిషాలో లెక్క కట్టేది నేను. గింజలు తెచ్చేది, లెక్కపెట్టి వెనక్కి తీసుకెళ్ళేది నేను. పత్రికలో ఫొటో మాత్రం ఆ తీగ ఎక్కించే డాక్టర్ బ్రెగ్‌మన్‌ది.

బుధవారం మిసెస్ జానెక్‌ను మూడోసారి బల్ల మీద పడుకోబెట్టారు. "నాలో ఉన్న ఇనుముతో ఒక సైకిల్ చేయొచ్చమ్మాయ్" అని ఆవిడ నవ్విస్తుండగా బ్రెగ్‌మన్ నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో కాగితం. గర్భవతినని ప్రకటించే పత్రం. నా పేరు అప్పటికే టైపు చేసి ఉంది.

"మీ ఆయన ఫోన్ చేశాడు డెనీస్. శుభాకాంక్షలు! నీ మంచికే చెప్తున్నా, సంతకం పెట్టేయ్. ఇకనుంచి ఇది టాడ్ చూసుకుంటాడు."

టాడ్‌కు రేడియేషన్ మీటరు పట్టుకోవడం నేర్పింది నేనే. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే నా బ్యాడ్జి ఏడాదంతా చూపించింది నలభై మిల్లీరెమ్‌లు. కడుపుతో ఉన్నవాళ్ళకు చట్టం పెట్టిన హద్దు అయిదు వందలు. ఆ అంకెలు ఇద్దరిలో ఎవరూ అడగలేదు. నన్ను అడగాలని కూడా తోచలేదు.

పైగా ప్రకటించడానికి ఏమీ మిగల్లేదు. ఆదివారం మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో అది పోయింది. చల్లటి గచ్చు మీద గంటసేపు కూర్చున్నాను. తలుపు అవతల నుంచి రే, "నా నీలం చొక్కా ఆరిందా?" అన్నాడు. ఆరిందన్నాను. ఇంకేం చెప్పలేదు. చెబితే వాళ్ళమ్మ అనబోయే మాట నాకు ముందే తెలుసు: "ఆ డబ్బాయే మింగేసింది నా మనవణ్ణి." ఇప్పుడు మాత్రం ఒక్క ముక్క చెబితే చాలు. 'పోయింది డాక్టర్' అంటే బ్రెగ్‌మన్ ముఖంలోకి జాలి వస్తుంది, దాని వెనకే ఊరట. "అయ్యో. అయితే ఇవాళ నువ్వే చేస్తావుగా?" అంటాడు. నా చోటు నాకు దక్కుతుంది. ఆ గచ్చు మీది గంటను ఇతని ముందు పరిచి నా పనిని నేను అడుక్కోవాలా?  

"ఈ కాగితం ఇవ్వాలా వద్దా అన్నది చట్టం నాకే వదిలింది. నేను ఇవ్వడం లేదు."

"అంటే... కడుపు లేదనా?"

"అది మీరు అడిగే ప్రశ్న కాదు డాక్టర్."

"మొండితనం! నీ భర్తకేం చెప్పను?"

"ఆయన మీ పేషెంట్ కాదు. మీ పేషెంట్ బల్ల మీద ఉంది."

తీగ లోపలికి చేరింది. "అందరూ బయటికి" అన్నాను. ఆ మాట అనే హక్కు ఆ గదిలో నాది. నర్సులు వెళ్ళారు, టాడ్ వెళ్ళాడు, చివరికి బ్రెగ్‌మన్ కూడా కాగితం మడుచుకుంటూ వెళ్ళాడు. అద్దం ఇవతల మైకు దగ్గర నిలబడి, "ఇరవై రెండు నిమిషాలు, మిసెస్ జానెక్. నేనిక్కడే ఉన్నాను" అన్నాను. గడియారం నొక్కాను.

సాయంత్రం రేకి రెండు సంగతులు చెప్పాలి. నేను ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నానన్నది మొదటిది. రెండోది, ఆదివారం సంగతి, అతను అడిగితేనే.