మునసబు మెడపట్టీ

పందికొక్కుల దానం కుక్కకి మునసబు అని పేరు పెట్టింది దానం కాదు, ఊరు. తెల్లారేసరికి ఒంటరిగా బయల్దేరి, శిస్తు బకాయికి తిరిగేవాడిలా ప్రతి గట్టూ తొక్కి, ప్రతి కన్నంలోనూ ముక్కు పెట్టి వచ్చే కుక్కని మరేమని పిలుస్తారు? ఎనభై నాలుగులో ప్రభుత్వం ఊరూరా మునసబుల ఉద్యోగాలు తీసేసినా ఈ మునసబుకి మాత్రం ఢోకా రాలేదు. ఆ ఏడాది ఆఖర్న వచ్చింది, బాతుల వల్ల.

రాజోలు చుట్టుపక్కల వరి పండించే ఏ రైతునడిగినా చెబుతాడు, గట్టులో ఒక్క పందికొక్కు కాపురం పెట్టిందంటే కంకులన్నీ దాని కొట్లోకే పోతాయని. వాటిని పట్టడం దానం పని. గట్టుకున్న కన్నాలన్నీ మట్టితో మూసి రెండే ఉంచుతాడు. ఒకదాని దగ్గర కుండలో ఎండుగడ్డి రాజేసి పొగ ఊదుతాడు. రెండోదాని దగ్గర మునసబు కూర్చుంటుంది. పొగకి ఉక్కిరిబిక్కిరై బయటికి దూకిన పందికొక్కుని మెడ దగ్గర పట్టి ఒక్క విదిలింపు విదిలిస్తే దాని కథ అయిపోయినట్టే.

రెండేళ్ల కిందట ఓసారి ఎంత పొగ పెట్టినా ఏదీ రాకపోతే, దానం విసుగెత్తి కన్నంలోకి చెయ్యి పెట్టబోయాడు. కుక్క అతని పంచె పట్టుకుని వెనక్కి ఈడ్చింది. దానం తిట్టాడు. అది మళ్ళీ ఈడ్చింది, ఈసారి పంచె జానెడు చిరిగింది. ఆ చిరుగు చూసుకుని దాన్ని కొట్టడానికి కర్ర ఎత్తేలోపల కన్నంలోంచి నాగుపాము తీరిగ్గా తల బయటపెట్టింది. ఈ సంగతి దానం ఇంట్లో చెప్పలేదు. చెబితే భార్య సువార్తమ్మ ఆ మర్నాడే పని మానిపించేస్తుందని భయం. పంచె తుమ్మకంపకి తగులుకుందని చెప్పాడు. సువార్తమ్మ ఏమీ అనకుండా కుట్టి ఇచ్చింది.

అంతటి కుక్కకీ ఒక అవలక్షణం ఉంది. బాతు కనబడితే దానికి ఒళ్ళు తెలీదు. వానాకాలం పంట సార్వా కోతలయ్యాక బాతుల పోలయ్య తన మందని చేలల్లో రాలిన గింజలకి తోలుకొస్తాడు. ఎనభై నాలుగు డిసెంబర్లో మునసబు కన్నం దగ్గర డ్యూటీ వదిలేసి మందలో పడి, ఒక్క మధ్యాహ్నంలో నాలుగు బాతుల్ని చంపింది. పోలయ్య చచ్చిన బాతుల్ని పట్టుకెళ్ళి తాతబ్బాయిగారి అరుగు మీద పెట్టాడు. తాతబ్బాయిగారు నలభై ఎకరాల రైతు, ఊరికి పెద్దమనిషి. దానానికి ఏడాదిలో సగం రోజులు పని ఆయన చేలల్లోనే.

"చూడు దానం," అన్నారాయన. "నీ కుక్క మంచిదే, కాదన్ను. కానీ పోలయ్య బతుకు కూడా చూడాలి గదా. వేసవిలో దాళ్వా కోతలకి మళ్ళీ బాతులొస్తాయి. అప్పుడు ఒక్క బాతు చచ్చినా, ఇంకోళ్ళెవరూ కాదు, నీ చేత్తో నువ్వే దానికి విషం ముద్ద పెట్టాలి. సరేనా?"

"ఆయ్," అన్నాడు దానం.

పెద్దల ముందు ఆ మాట నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. దేనికి ఒప్పుకున్నాడో ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాక గానీ తెలియలేదు. సువార్తమ్మ విని, "ఆయ్ అన్నారా?" అని ఒక్కటే అడిగింది. ఆ పూట ఇద్దరూ సరిగా తినలేదు.

తర్వాత ఊళ్ళో వాళ్ళు చెప్పిన వైద్యాలన్నీ అయ్యాయి. చచ్చిన బాతుని మెడకి కట్టి మూడు రోజులు తిప్పితే విరక్తి పుడుతుందన్నారు. మునసబు రెండో రోజే దాన్ని తినేసింది. కొట్టి చూశారు. దెబ్బలు తిన్నంతసేపూ తోక ఊపింది గానీ, కాలవలో బాతు అరవగానే మళ్ళీ చెవులు నిక్కాయి.

ఫిబ్రవరిలో పని ఇంకో చోటు నుంచి వచ్చింది. చమురు కోసం భూమిని తొలిచే కంపెనీ ఒకటి ఊరి అవతల క్యాంపు వేసింది. అక్కడి పందికొక్కులు కంకులకంటే కరెంటు వైర్లు రుచిగా ఉన్నాయని కనిపెట్టాయి. సువార్తమ్మ తమ్ముడు ఆనందరావు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. విదేశం నుంచి వచ్చిన క్యాంపు దొరకి ఊరివాళ్ళతో మాట్లాడాల్సి వస్తే అతన్నే పిలిచేవారు. అతను బావని తీసుకెళ్ళాడు. దానమూ, మునసబూ కలిసి వారం రోజుల్లో క్యాంపంతా శుభ్రం చేశారు. దొర కుక్కల మనిషి. కన్నం దగ్గర మునసబు నిలబడే తీరు చూసి టోపీ తీసి పక్కన పెట్టి, గట్టు మీదే కూర్చుండిపోయాడు. సరిగ్గా అప్పుడే కాలవలో నాలుగు పెంపుడు బాతులు ఈదుకుంటూ వచ్చాయి. దానం కుక్క మీద పడి రెండు చేతులతో పట్టుకోకపోతే ఆ రోజే అయిపోయేది.

దొర ఏదో అడిగాడు. ఆనందరావు విషం ముద్ద సంగతి చెప్పాడు. దొర మునసబు చెవులు నిమిరి, తాను నెల సెలవుకి వెళుతున్నానని, వచ్చేటప్పుడు దీనికి మందు తెస్తానని చెప్పాడు. ఊరకే అన్నాడేమో అనుకున్నారు. మార్చిలో నిజంగానే తెచ్చాడు, ఒకటి కాదు రెండు. తన వేటకుక్కల కోసం కొన్న మెడపట్టీలవి, వీటిలో నీకేది కావాలో ఎంచుకో, పని అయ్యాక తిరిగివ్వు అన్నాడు.

ఆనందరావు బావగారింటి వరండాలో బల్ల మీద రెంటినీ పెట్టి, కాయితాలు చదివి చెప్పాడు. నల్లది లావుపాటిది. దానితో వచ్చిన చేతిపెట్టె మీద ఒకటే బొత్తాం, దెబ్బ పెంచడానికి అయిదు మెట్ల చక్రం. మైలు దూరంలో ఉన్న కుక్కకి కూడా కరెంటు దెబ్బ తగులుతుంది. రెండోది సన్నటిది, అరమైలే పనిచేస్తుంది. దాని పెట్టెకి రెండు బొత్తాలు. తెల్లది నొక్కితే పట్టీ గుయ్యిమని మోగుతుంది, ఎర్రది నొక్కితే దెబ్బ. ముందు కొన్నాళ్ళు మోతా దెబ్బా కలిపి ఇస్తే, తర్వాత మోత ఒక్కటే చాలని దొర చెప్పాడట.

"నల్లదే తీసుకోండి బావగారూ," అన్నాడు ఆనందరావు. "మైలు దూరం అంటున్నాడు."

"మైలు దూరంలో నాకేం పనుందిరా. నా చేను చివరికి నా కేకే వినబడుద్ది." దానం నల్లపట్టీ చేతిలోకి తీసుకుని, లోపలున్న రెండు ఇనప మొనలు వేలితో తడిమి, మెడకి పెట్టుకున్నాడు. "ఏదీ, నొక్కు."

"అదేంటండీ?"

"పొగ నేను పీల్చకుండా కన్నంలోకి వదల్ను గదా. ఇదీ అంతే. నొక్కు."

ఒకటో మెట్టు చీమ కుట్టినట్టుంది. రెండోది తేలు. మూడో మెట్టుకి దానం బల్లా, కాయితాలూ, మంచినీళ్ల చెంబుతో సహా వరండా దిగి పెరట్లో పడ్డాడు. కొబ్బరి మట్టలు కొడుతున్న సువార్తమ్మ కత్తి పారేసి పరిగెత్తుకొచ్చింది. దానం లేచి కూర్చుని మెడ రుద్దుకుంటూ బావమరిది వైపు చూశాడు. చూడగానే మెడ మళ్ళీ జిల్లుమంది. బొత్తాం పెట్టె బల్ల కిందెక్కడో పడి ఉంది, ఆనందరావు చేతిలో ఏమీ లేదు. అయినా అతని మొహం చూస్తే చాలు, దెబ్బ మళ్ళీ తగులుతున్నట్టే ఉంది.

దానం అక్కడే కూర్చుని ఆలోచించాడు. ముప్పై ఏళ్ళు జంతువులతో గడిపినవాడు గనక సంగతి త్వరగానే పట్టుకున్నాడు.

"దెబ్బ ఎక్కణ్ణించొచ్చిందో ఒంటికి తెలవదురా. అప్పుడు ఎదురుగా ఏది కనబడితే అదే కొట్టిందనుకుంటది. నాకు నువ్వు కనబడ్డావు. మునసబుగాడు కన్నంకేసి చూస్తుండగా నొక్కేమనుకో, ఇంక జన్మలో కన్నం దగ్గర నిలబడడు. నాకేసి చూస్తుండగా నొక్కితే," అని ఆగి, "నా దగ్గరికే రాడు," అన్నాడు.

సన్నపట్టీ కూడా మెడకి పెట్టుకుని చూశాడు. తెల్ల బొత్తానికి మెడ దగ్గర తుమ్మెద తిరిగినట్టుంది. ఎర్ర బొత్తాం దెబ్బ నల్లదానంత కాదు గానీ తక్కువేం కాదు. "ఇదే," అన్నాడు. "కొట్టేముందు పిలుస్తది. ఆపాటి మర్యాద ఉండాలి."

మరి నొక్కేదెవరు? పని చేసేటప్పుడు దానానికి ఒక చేత్తో పొగకుండ, ఇంకో చేత్తో విసనకర్ర. పైగా కుక్క దేనికేసి చూస్తోందో కనిపెట్టి నొక్కాలి. సువార్తమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. ఆడి చూపు నాకు తెలుసు."

"ముందు మూడు రోజులు ఎర్రది తప్పదంట," అన్నాడు దానం.

"ఆయ్, నేను చూసుకుంటాను. మీరు పొలం వెళ్ళండి."

దానం నిజంగానే వెళ్ళిపోయాడు. తన కుక్క అరుపు వినే ధైర్యం అతనికి లేదు, ఆ పాపం పెళ్ళాం మెడకి చుట్టి తప్పించుకున్నందుకు సిగ్గూ లేకపోలేదు. సువార్తమ్మ పక్కింటి అచ్చమ్మగారి దగ్గర రెండు బాతుల్ని అడిగి తెచ్చి పెరట్లో కట్టింది. పొద్దున్నా సాయంత్రం కుక్కకి పట్టీ కట్టి, కొంగులో ఎండురొయ్యలు మూటకట్టుకుని, బాతులతో సహా కాలవగట్టుకి తీసుకెళ్ళేది. వారం తిరిగేసరికి, పట్టీ మోగితే చాలు, మునసబు బాతుని వదిలేసి ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడుతోంది. దానం దూరం నుంచి చూసి, దెబ్బ బాగానే పనిచేసిందనుకున్నాడు. సంతోషం వేసింది, అయినా దగ్గరికి వెళ్ళకుండా పొలం దారి పట్టాడు.

ఏప్రిల్లో దాళ్వా కోతలయ్యాయి. పోలయ్య ఎనిమిది వందల బాతులతో దిగాడు. తాతబ్బాయిగారు గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డారు. సువార్తమ్మ ఆయనకి కొంచెం ఎడంగా, పెట్టె కొంగు చాటున పెట్టుకుని కూర్చుంది. దానం పొగ ఊదాడు. పిల్లిపిల్లంత పందికొక్కు ఒకటి రెండో కన్నంలోంచి దూకి, మునసబు పళ్ళ సందున తప్పించుకుని, ఉన్న చోట్లన్నీ వదిలేసి సరాసరి బాతుల మందలోకి పోయింది. దాని వెనకాల మునసబు.

దానం చేతిలో కుండ జారి పగిలింది. ఎనిమిది వందల బాతులూ ఒక్కసారి లేచి అరిచాయి, వాటి మధ్య కుక్క వీపు మాత్రం గోధుమరంగులో కనబడుతోంది. తాతబ్బాయిగారు గొడుగు దించేశారు. దానం తన కుడిచేతికేసి చూసుకున్నాడు. ముద్ద పెట్టాల్సిన చెయ్యి అదే.

సువార్తమ్మ నొక్కింది.

కుక్క ఉన్న చోటే ఆగిపోయింది. పందికొక్కు దాని ముక్కు ముందునుంచే గట్టెక్కి పారిపోయింది. బాతులు బెదిరి అటూ ఇటూ పరిగెత్తాయి, ఒకటి దాని వీపు తొక్కి మరీ దిగింది. మునసబు మొహం తిప్పుకుని, పెద్దింటి పెళ్ళిలో దారి వెతుక్కునేవాడిలా ఒద్దికగా బాతుల మధ్య నుంచి నడిచి బయటికొచ్చి, సువార్తమ్మ కాళ్ళ దగ్గర నిలబడింది. నోరు ఖాళీ. పోలయ్య మందని రెండుసార్లు చూసుకుని, "ఒక్క ఈక కూడా పోలేదండీ," అన్నాడు. తాతబ్బాయిగారు మళ్ళీ గొడుగు విప్పుకుని, "కుక్కని కాదు దానం, నీ అదృష్టాన్ని చూస్తున్నాను," అని వెళ్ళిపోయారు. దానం పగిలిన కుండ పెంకులు ఏరుకున్నాడు.

మే నెల మొదటి వారంలో దానం ఇంట్లో దేవుడికి కృతజ్ఞత చెప్పే ప్రార్థన కూడిక పెట్టాడు. రోగం తగ్గినా, పిల్లాడు పరీక్ష పాసైనా, ఇంటి మీద కప్పు వేసుకున్నా పేటలో కూడిక పెట్టడం వాడుకే. పాస్టరు పేతురుగారు చాప మీద కూర్చుని, "ఏ మేలు నిమిత్తం దానం?" అని అడిగితే మాత్రం అతను తల గోక్కున్నాడు. కుక్క కోసం కూడిక పెట్టినవాడు ఇంతవరకూ లేడు మరి. "మా ఇంట్లో ఒక ప్రాణం నిలబడిందండి," అన్నాడు. గుమ్మంలో పడుకున్న మునసబుని చూసి పాస్టరుగారికి అర్థమైంది, నవ్వలేదు.

పాటలయ్యాక దానం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవునికి, దొరకి, ఆనందరావుకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, "ఆ పట్టీయే లేకపోతే, ఆ దెబ్బే లేకపోతే, ఈపాటికి నా చేత్తో నేనే ఆణ్ణి," అని, మిగతాది చెప్పలేక కూర్చున్నాడు.

అప్పుడు సువార్తమ్మ లేచింది. ఆవిడ కూడికల్లో ఎప్పుడూ లేచే మనిషి కాదు.

"దేవుడి ముందు అబద్ధం నిలబడకూడదని చెబుతున్నానండి," అంది. కొంగులోంచి పెట్టె తీసి చూపించింది. తెల్ల బొత్తాం అరిగి మెరుస్తోంది. ఎర్ర బొత్తాం కనబడలేదు. దాని మీదుగా మందపాటి గుడ్డముక్క చుట్టి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది. "తెచ్చిన రోజే కుట్టేసేను. ఒక్కసారీ నొక్కలేదు. మోత మోగించి రొయ్య పెట్టేదాన్ని. అంతే."

దానం తలెత్తి చూశాడు.

"ఈయన పంచె తుమ్మకంపకి చిరిగిందన్నారు. ముప్పై ఏళ్ళనించి ఈయన పంచెలు కుడుతున్నాను, పంటి గాటుకీ ముల్లు గీతకీ తేడా నాకు తెలవదా? పాము సంగతి తరవాత పొలంలో కూలీలే చెప్పేరు. నా మనిషిని నాకు ఇచ్చిన కుక్కండి అది. దాన్ని కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు." అని కూర్చుని, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దానానికి కళ్ళు మసకలు కమ్మాయి. దొరకీ, పట్టీకీ అన్ని వందనాలు చెప్పాడు గానీ, పక్కనే కూర్చున్న మనిషికి ఒక్కటీ చెప్పలేదని అప్పుడు తట్టింది. "నీకే చెప్పాల్సింది, సువార్తా," అన్నాడు, అందరూ వింటుండగానే. పాస్టరుగారు ప్రార్థన చేశారు. దానం ఆమెన్ అందరికంటే వెనకొచ్చింది.

భోజనాల్లో బాతుగుడ్ల కూర. గుడ్లు పోలయ్య పంపినవి, తనూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "మొదటి ఆకు పాస్టరుగారికి," అన్నాడు దానం, "రెండోది గుమ్మంలో వెయ్యండి." గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, కుడిచేత్తో అన్నం కలిపి, మీద ఒక బాతుగుడ్డు పెట్టి, ముద్ద మునసబు ముందుంచాడు.

కుక్క వాసన చూసింది. బాతు వాసన. వెంటనే ముక్కు వెనక్కి తీసుకుని, తినకుండా, సువార్తమ్మ కోసం ఇల్లంతా కళ్ళతో వెతికింది.

"పర్లేదు, తినరా," అంది సువార్తమ్మ లోపల్నించి.